పదాల పొందిక: తెలుగు, ఉర్దూ వాక్యాల పరిశీలన

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు లక్షణాలు ఉండాలని మన పూర్వ శాస్త్రకారులు నిర్దేశించారు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. ఎడం లేకుండా చేరి ఉండడం సన్నిధి. ఈ మూడూ చక్కగా ఉన్న వాక్యం కూడా ఒక్కొక్కప్పుడు చెవికి గుచ్చుకుంటుంది. ‘బాలుడు వచ్చింది’ అన్నామనుకోండి. వచ్చినది ఎవరో తెలుస్తూనే ఉన్నది, ఏమి జరిగిందో తెలుస్తూనే ఉన్నది. అయినా వాక్యం కుదరలేదని తెలుగువాడు తక్షణమే గ్రహిస్తాడు. ఇక్కడ లోపించినది పొందిక. కర్త ఏ లింగంలో, ఏ వచనంలో, ఏ పురుషలో ఉన్నదో క్రియ కూడా దానికి తగిన రూపాన్ని ధరించడమే పొందిక. క్రియ మాత్రమే కాదు, విశేషణాలు, సంఖ్యావాచకాలు కూడా కొన్ని భాషలలో ఈ కట్టుబాటుకు లోబడి ఉంటాయి.

మన కళాశాలలో ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థులూ, తెలుగు మాట్లాడే విద్యార్థులూ ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. జవాబు పత్రాలలో మాకు కనిపించే దోషాలలో చాలా భాగం ఈ పొందికకు సంబంధించినవే. వాటిని ఎర్ర సిరాతో కొట్టివేయడం సులభం. కాని ఆ దోషం ఎక్కడి నుండి పుట్టిందో విచారించకుండా కొట్టివేస్తే విద్యార్థి మళ్ళీ అదే వ్రాస్తాడు, లేదా వ్రాయడమే మానుకుంటాడు. కాబట్టి ఈ వ్యాసంలో రెండు భాషలలోనూ పొందిక ఏయే స్థానాలలో నెలకొని ఉన్నదో క్రమంగా పరిశీలిద్దాము.

తెలుగు క్రియ స్వభావం

తెలుగు క్రియ చివర ఉండే ప్రత్యయం కర్తను చూపుతుంది. నేను వచ్చాను, మేము వచ్చాము, నీవు వచ్చావు, మీరు వచ్చారు, అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, వారు వచ్చారు, అవి వచ్చాయి. కర్తను చెప్పకుండా ‘వచ్చాను’ అన్నంత మాత్రాన ‘నేను’ అనే పదం స్ఫురిస్తుంది. అందుకే తెలుగులో సర్వనామాన్ని తరచు విడిచిపెట్టగలుగుతున్నాము.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఉత్తమ, మధ్యమ పురుషలలో తెలుగు క్రియకు లింగభేదం లేదు. అన్న అన్నా, చెల్లెలు అన్నా ‘నేను వచ్చాను’ అనే వాక్యం ఒక్కటే. ప్రథమ పురుషలో మాత్రమే లింగం కనిపిస్తుంది. కర్తలు ఇద్దరు ముగ్గురు కలిసినప్పుడు ఉత్తమ పురుషకు మొదటి స్థానం, మధ్యమ పురుషకు రెండవ స్థానం. ‘నేనూ నీవూ వెళ్ళాము’ అంటాము. ‘నీవూ అతడూ వెళ్ళారు’ అంటాము.

వ్యతిరేకార్థంలో మరొక విశేషం ఉన్నది. రాను, రావు, రాడు, రాదు, రారు అని భవిష్యదర్థంలో పొందిక ఉన్నది. భూతకాలంలో మాత్రం నేను రాలేదు, నీవు రాలేదు, అతడు రాలేదు, వారు రాలేదు అని అంతటా ఒక్కటే రూపం. భాష కొత్తగా నేర్చుకునేవారికి ఇది విశ్రాంతి స్థానం వంటిది.

గ్రాంథిక భాషలో బాలుడు వచ్చెను, బాలిక వచ్చెను, ఆవు వచ్చెను అని మూడింటికీ ఒకే క్రియ ఉండేది. వచ్చినాడు, వచ్చినది అనే రూపాల నుండి నేటి వచ్చాడు, వచ్చింది ఏర్పడ్డాయి. కావున నేటి వాడుక భాషలో లింగభేదం గ్రాంథికంలోని ‘వచ్చెను’ కంటె స్పష్టంగా వినబడుతున్నది. పాత పుస్తకాలు చదివి పరీక్ష వ్రాసే విద్యార్థులు ఈ రెండు పద్ధతులను ఒకే వ్యాసంలో కలిపివేయకూడదు.

మహత్తు, అమహత్తు

1858 లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగు నామాలను మహత్తులు, అమహత్తులు అని విభజించాడు. పురుషులను తెలిపే పదాలు మహత్తులు. పశుపక్ష్యాదులను, జడ పదార్థాలను తెలిపేవి అమహత్తులు. స్త్రీలను తెలిపే పదాలు ఏకవచనంలో అమహత్తులతోనూ, బహువచనంలో మహత్తులతోనూ చేరుతాయి. అందువల్లనే ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అనే రెండు వాక్యాలకూ క్రియ ఒక్కటే అయినది. బహువచనంలో స్త్రీలు వచ్చారు, ఆవులు వచ్చాయి అని భేదం ఏర్పడింది.

ఈ నియమం చెప్పినప్పుడెల్లా విద్యార్థినులు ఒక ప్రశ్న వేస్తారు. తల్లికీ ఆవుకూ ఒకే క్రియను వాడడం అగౌరవం కాదా అని. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం ద్రావిడ భాషలను పోల్చి చూస్తే లభిస్తుంది. తమిళంలో ‘అవళ్ వందాళ్’ అని స్త్రీకి ప్రత్యేక రూపం ఉన్నది. మన ఆదిలాబాదు ప్రాంతంలో వినబడే గోండి, కోలామీ భాషలలో స్త్రీ వాచకాలు బహువచనంలో కూడా మానవేతర వాచకాలతోనే చేరుతాయి. తెలుగు ఈ రెండింటికీ నడుమ నిలిచింది. ఇది ఒక వ్యక్తి కావాలని చేసిన తక్కువతనం కాదు. అతి ప్రాచీన కాలంలో ఏర్పడిన రూపవిభాగం. ‘మహత్తు’ అనే పేరు వ్యాకర్తలు తరువాత పెట్టినది. గౌరవం చూపదలచినప్పుడు తెలుగు వేరొక దారి తొక్కింది. ఏకవచనాన్ని బహువచనంగా మార్చి ‘అమ్మగారు వచ్చారు’ అంటుంది. అప్పుడు స్త్రీపురుష భేదమే తొలగిపోతుంది. నాన్నగారు వచ్చారు, అమ్మగారు వచ్చారు. ఇంటిలో ‘అమ్మ వచ్చింది’ అన్నప్పుడు అందులో ఉన్నది చనువే కాని చులకన కాదు.

ఉర్దూ వాక్యంలో లింగం

ఉర్దూ ఆర్యభాషా కుటుంబానికి చెందినది. అందులో ప్రతి నామమూ పుంలింగమో స్త్రీలింగమో కావలసిందే. ప్రాణం లేని వస్తువులకు కూడా ఈ విభాగం తప్పదు. ఘర్ పుంలింగం, కితాబ్ స్త్రీలింగం. ఆమ్ పుంలింగం, రోటీ స్త్రీలింగం. క్రియ వీటిని అనుసరిస్తుంది. లడ్కా ఆయా, లడ్కీ ఆయీ, లడ్కే ఆయే, లడ్కియాఁ ఆయీఁ. తెలుగులో లింగభేదం లేని ఉత్తమ పురుషలో కూడా ఉర్దూ ఆ భేదాన్ని పాటిస్తుంది. పురుషుడు ‘మైఁ జాతా హూఁ’ అంటే స్త్రీ ‘మైఁ జాతీ హూఁ’ అంటుంది. గౌరవార్థంలోనూ లింగం నిలిచే ఉంటుంది. వాలిద్ సాహిబ్ ఆయే హైఁ, వాలిదా సాహిబా ఆయీ హైఁ.

ఈ లింగ నిర్ణయం అర్థాన్ని బట్టి తెలిసేది కాదు. ‘బుల్బుల్’ వంటి పదాల విషయంలో ఢిల్లీ, లక్నో పండితుల మధ్యనే అభిప్రాయభేదం ఉండేది. ఇన్షా అల్లా ఖాన్ ఫారసీలో రచించిన దర్యా-ఎ-లతాఫత్ మొదలుకొని మౌల్వీ అబ్దుల్ హఖ్ రచించిన ఖవాయిద్-ఎ-ఉర్దూ వరకు వ్యాకర్తలు ఉర్దూ స్వరూపాన్ని నిర్ణయించడానికి ఎంతో శ్రమించారు. అటువంటప్పుడు తెలుగు ఇంటి నుండి వచ్చిన విద్యార్థి ‘మేరా కితాబ్ అచ్ఛా హై’ అంటే నవ్వవలసిన పని లేదు. అతని భాషలో పుస్తకానికి ఆడమగ తేడా లేదు. ‘మేరీ కితాబ్ అచ్ఛీ హై’ అని రెండు చోట్ల దిద్దుకోవలసిన అవసరాన్ని అతనికి ఎవరైనా చూపాలి.

విశేషణం, సంబంధం

విశేష్యాన్ని బట్టి విశేషణం మారడం సంస్కృతంలో ప్రసిద్ధం. సుందరః బాలకః, సుందరీ బాలికా, సుందరం ఫలమ్. ఉర్దూలో కూడా ఆకారాంత విశేషణాలు మారుతాయి. అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ, అచ్ఛే లడ్కే. లాల్, ఖూబ్‌సూరత్ వంటి హలంత విశేషణాలు మారవు. తెలుగులో నామానికి ముందు నిలిచే ‘మంచి’ ఎన్నడూ మారదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకాలు. క్రియాజన్య విశేషణం కూడా అంతే. వచ్చిన బాలుడు, వచ్చిన బాలికలు, వచ్చిన ఉత్తరాలు.

అయితే అదే విశేషణం వాక్యాంతంలో విధేయంగా నిలిచినప్పుడు తెలుగు కూడా పొందికను కోరుతుంది. అతడు మంచివాడు, ఆమె మంచిది, వారు మంచివారు, అవి మంచివి. నేను మంచివాడిని, నీవు మంచివాడివి. నామాలు కూడా ఇదే విధంగా పురుష ప్రత్యయాన్ని ధరిస్తాయి. నీవు విద్యార్థివి, మేము విద్యార్థులము. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఒక అబ్బాయి ‘నేను విద్యార్థిని’ అన్నప్పుడు అతడు తనను ఆడపిల్లగా చెప్పుకోవడం లేదు. అక్కడి ‘ని’ ఉత్తమ పురుష ప్రత్యయం. అమ్మాయి చెప్పవలసి వస్తే ‘నేను విద్యార్థినిని’ అనాలి. ‘మైఁ తాలిబ్-ఎ-ఇల్మ్ హూఁ’ అనే వాక్యంలో పురుషను తెలిపే భారం ‘హూఁ’ మీద ఉన్నది. తెలుగులో అటువంటి క్రియ అక్కరలేదు కాబట్టి నామమే ఆ భారాన్ని మోస్తున్నది.

సంబంధార్థంలో ఉర్దూ ప్రత్యయం సొంతదారుని బట్టి కాక సొత్తును బట్టి మారుతుంది. సలీమ్ కీ కితాబ్, సలీమా కా ఘర్. ఇంటి యజమానురాలు స్త్రీ కదా అని ‘సలీమా కీ ఘర్’ అనడం పొరపాటు. ఇంగ్లీషులో సర్వనామం సొంతదారుని లింగాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఇంగ్లీషు చదివిన వారికి కూడా ఇక్కడ తికమక కలుగుతుంది. తెలుగులో సలీము పుస్తకం, సలీమా ఇల్లు అంటే చాలు.

‘నే’ ప్రత్యయం

ఉర్దూ వ్యాకరణంలో తెలుగు విద్యార్థులను ఎక్కువగా భయపెట్టేది ‘నే’. సకర్మక క్రియ భూతకాలంలో ఉన్నప్పుడు కర్తకు ‘నే’ చేరుతుంది. అప్పుడు క్రియ కర్తను విడిచి కర్మను అనుసరిస్తుంది. అహ్మద్ నే రోటీ ఖాయీ. ఫాతిమా నే ఆమ్ ఖాయా. తిన్నవాడు పురుషుడైనా రోటీ స్త్రీలింగం కాబట్టి ‘ఖాయీ’. తిన్నది స్త్రీ అయినా ఆమ్ పుంలింగం కాబట్టి ‘ఖాయా’. కర్మకు కూడా ‘కో’ చేరితే క్రియ ఎవరినీ అనుసరించక పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది. అహ్మద్ నే బహన్ కో బులాయా. ప్రత్యయం చేరిన పదానికి క్రియ మీద అధికారం పోతుందని గుర్తుంచుకుంటే ఈ మూడు వాక్యాలూ ఒకే సూత్రానికి ఒదుగుతాయి. సకర్మకాలైనా లానా, బోల్నా, భూల్నా వంటి కొన్ని క్రియలకు ‘నే’ రాదు.

హైదరాబాదు దక్కనీ మాటలో ఈ ‘నే’ తరచు వినబడదు. ‘మైఁ రోటీ ఖాయా’ అనడం సామాన్యం. అక్కడ క్రియ కర్తనే అనుసరిస్తున్నది. ‘నేను రొట్టె తిన్నాను’ అనే తెలుగు వాక్యంతో దీనికి పోలిక స్పష్టం. శతాబ్దాల పాటు పక్కపక్కనే మెలగిన భాషలు ఒకదాని నడకను మరొకటి కొంత అలవరచుకోవడం సహజం. దక్కనీని దోషాల మూటగా చూడడం తగదు. దానికి దాని నియమం ఉన్నది. అయితే పరీక్షలో ప్రామాణిక ఉర్దూ వ్రాయవలసిన చోట ‘నే’ను విడువరాదు.

సంఖ్యలలో పొందిక

విశేషణ విషయంలో ఉదారంగా ఉన్న తెలుగు సంఖ్యల విషయంలో మాత్రం గట్టి పట్టుదల చూపుతుంది. మనుషులను లెక్కించే పదాలు వేరు, తక్కిన వాటిని లెక్కించే పదాలు వేరు. ఒకడు, ఒకతె, ఒకటి. ఇద్దరు బాలురు, రెండు ఆవులు. ముగ్గురు ఉపాధ్యాయులు, మూడు గ్రంథాలు. ఏడుగురు వరకు ఈ రూపాలు నిత్య వ్యవహారంలో ఉన్నాయి. ఆపైన ఎనిమిదిమంది, తొమ్మిదిమంది అనడం వాడుక. ఉర్దూలో ‘తీన్ లడ్కే’, ‘తీన్ కితాబేఁ’ అని సంఖ్య మారదు. అందుచేత ఉర్దూ విద్యార్థి ‘మూడు విద్యార్థులు వచ్చారు’ అని వ్రాస్తాడు. ‘ముగ్గురు విద్యార్థులు’ అనాలి.

వచనం విషయంలో మరొక చిక్కు ఉన్నది. నీళ్ళు, పాలు తెలుగులో బహువచనాలు. నీళ్ళు వచ్చాయి, పాలు పొంగాయి. ఉర్దూలో పానీ, దూధ్ ఏకవచనాలు కాబట్టి ‘నీళ్ళు వచ్చింది’ అనే వాక్యం పుడుతున్నది. సమూహాన్ని తెలిపే సంఘం, ప్రభుత్వం వంటి పదాలకు అమహద్రూపమే తగినది. సంఘం తీర్మానించింది, సభ్యులు తీర్మానించారు. ‘జనం’ అనే పదం రూపంలో ఏకవచనమైనా ‘జనం వచ్చారు’ అనడమే వాడుక.

రెండు భాషలు కలిసే చోట్లు

భేదాలనే చెప్పి విరమిస్తే సత్యంలో సగమే చెప్పినట్లవుతుంది. నాకు నిద్ర వచ్చింది, నాకు జ్వరం వచ్చింది అనే వాక్యాలను చూడండి. అనుభవించేవాడు ‘నాకు’ అని చతుర్థిలో ఉన్నాడు. క్రియ నిద్రను, జ్వరాన్ని అనుసరిస్తున్నది. ఉర్దూలో కూడా ఇంతే. ముఝే నీంద్ ఆయీ, ముఝే బుఖార్ ఆయా. నాకు తెలుసు, ముఝే మాలూమ్ హై. ఇటువంటి వాక్యాలలో ఉర్దూ విద్యార్థి తెలుగు వ్రాసేటప్పుడు తడబడడు. ఆకలి, నిద్ర, జ్వరం, ఎరుక వంటివి మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి అనే భావాన్ని రెండు భాషలూ ఒకే విధంగా వాక్యంలో నిలిపాయి.

తెలుగులోకి వచ్చిన ఉర్దూ పదాల నడక కూడా ఆసక్తికరమైనది. జవాబు, దరఖాస్తు, కుర్చీ, ఖర్చు, వకీలు మనకు నిత్యం వాడే మాటలు. ఉర్దూలో జవాబ్ పుంలింగం, దర్ఖాస్త్ స్త్రీలింగం. జవాబ్ ఆయా, దర్ఖాస్త్ ఆయీ. తెలుగు వాక్యంలో రెండింటికీ ‘వచ్చింది’ ఒక్కటే. వకీలు మనిషి కాబట్టి ‘వకీలు వచ్చాడు’, ‘వకీలు గారు వచ్చారు’. పదం ఏ భాష నుండి వచ్చినా పొందిక మాత్రం దానిని వాడుకునే వాక్యానికి చెందిన భాషదే. ఈ ఒక్క సూత్రం మనసులో నాటుకుంటే సగం దోషాలు తొలగిపోతాయి.

దోషం వెనుక ఉన్న నియమం

ఇంతవరకు చూపిన ఉదాహరణల వలన ఒక విషయం తేటపడుతున్నది. ‘బస్సు వచ్చాడు’ అన్న విద్యార్థికి వ్యాకరణం తెలియదని అనరాదు. వస్తువులన్నింటికీ ఏదో ఒక లింగం ఉండితీరాలని అతని మాతృభాష నేర్పింది. ఆ నియమాన్ని అతడు తెలుగులో కూడా పాటించాడు. ‘మేరా కితాబ్’ అన్న విద్యార్థి కూడా తన భాష ధర్మాన్నే పాటించాడు. ఇద్దరూ శిక్షణ ఉన్నవారే. వారికి కావలసినది పరిహాసం కాదు, రెండవ భాష తన పొందికను ఎక్కడ దాచుకున్నదో చూపించే చేయి.

ఈ పరిహాసం చిన్న విషయమని తోచవచ్చు. కాని ఒకసారి తరగతిలో నవ్వులపాలైన విద్యార్థి ఆ భాషలో మళ్ళీ నోరు విప్పడానికి సంకోచిస్తాడు. ఆ సంకోచం ఇంటర్వ్యూలోనూ, కచేరీలోనూ అతనిని వెంబడిస్తుంది. తెలంగాణలో 2017 లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022 లోనూ ఉర్దూకు రెండవ అధికార భాష స్థానం లభించింది. రెండు భాషలలోనూ తప్పు లేకుండా ఒక అర్జీ వ్రాయగలవాడు తనకు మాత్రమే కాక, రెండు భాషల ప్రజలకూ ఉపకరిస్తాడు.

విద్యార్థులకు మా సూచనలు కొన్ని ఉన్నాయి. ఉర్దూ నామాన్ని ఒంటరిగా కంఠస్థం చేయవద్దు. ‘అచ్ఛీ కితాబ్’, ‘అచ్ఛా ఘర్’ అని విశేషణంతో కలిపి నేర్చుకోండి. తెలుగు వాక్యం వ్రాయగానే కర్త కింద ఒక గీత, క్రియ చివరి అక్షరం కింద ఒక గీత గీసి రెండూ కుదిరాయో లేదో చూసుకోండి. ‘మీరు’ అని మొదలుపెట్టిన ఉత్తరాన్ని ‘వచ్చావు’ అని ముగించవద్దు. ‘గారు’ చేర్చిన పేరుకు ‘వచ్చారు’ తప్ప మరొకటి తగదు. లెక్క చెప్పే ముందు మనుషులా, వస్తువులా అని ఆలోచించండి. ఉర్దూలో ‘నే’ కనబడగానే కర్మ వైపు చూడండి.

కళాశాల పాలకవర్గానికి మా మనవి ఒక్కటే. వారానికి ఒక గంట తెలుగు, ఉర్దూ ఉపన్యాసకులు కలిసి ఒకే తరగతిని నడిపే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. దీనికి ధనవ్యయం లేదు. ఒక నల్లబల్ల, రెండు రంగుల సుద్దముక్కలు చాలు. ఒకే భావాన్ని రెండు భాషలలో పక్కపక్కన వ్రాసి, ఏ పదం ఏ పదాన్ని అనుసరిస్తున్నదో బాణపు గుర్తుతో చూపితే, పెద్ద గ్రంథాలు చెప్పలేని విషయం విద్యార్థుల కంటికే కనబడుతుంది. తెలుగు విద్యార్థి అడిగిన సందేహానికి ఉర్దూ విద్యార్థి సమాధానం చెబుతాడు. మరునాడు ఉర్దూ విద్యార్థి సందేహం అడుగుతాడు.

పరభాషను నేర్చుకోవడమంటే మాతృభాషను మరచిపోవడం కాదు. పరభాష వాక్యంలో ఉన్నంతసేపు ఆ వాక్యం కోరిన మర్యాదను పాటించడం. అతిథిగా వెళ్ళిన ఇంటి ఆచారాన్ని మన్నించడం మన రెండు సమాజాలకూ తెలిసిన సంస్కారమే. ఆ సంస్కారాన్నే మన వాక్యాలలో కూడా చూపితే, రెండు భాషలూ మనకు సొంతమవుతాయి.